మద్దతు కాదు, ముదత్

కాగితం తండ్రి కాళ్ల దగ్గర పడి పావుగంట దాటింది. విసిరిన సుమన్ తీయలేదు. ఎవరి మీదికి విసిరాడో ఆ లక్ష్మీరాజం తీయలేదు. ఇద్దరికీ మధ్య నేల మీద కూర్చుని పాప్డీ చిక్కుళ్లు ఒలుస్తున్న తల్లి ఎల్లవ్వకు అది చేతికందే దూరంలోనే ఉంది. ఆమె కూడా తీయలేదు. తీస్తే ఎవరో ఒకరి చేతికివ్వాలి.

“ఆఖరుసారి అడుగుతున్న బాపూ,” అన్నాడు సుమన్. “ఎరికుండి చెప్పినవా, ఎరుక లేక చెప్పినవా?”

“నిన్న చెప్పిన, మొన్న చెప్పిన. మిషిన్ల చప్పుడుల సరిగ ఇనరాలే.”

“ముప్పై ఏండ్ల సంది గా చప్పుడులనే బతుకుతున్నవ్. నలభై మిషిన్లు నడుస్తుంటె ఒక్కదాని మీద పోగు తెగినా నీకు ఇనబడతది. మాట ఇనబడలేదా?”

లక్ష్మీరాజం మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోవడం ఆ ఇంట్లో కొత్తేమీ కాదు. కానీ ఇదివరకటి మౌనంలో పెద్దరికం ఉండేది. ఈ తొమ్మిది రోజుల మౌనంలో అది లేదని ఎల్లవ్వకు తెలుస్తూనే ఉంది.

కింద పడ్డ కాగితం గల్లీ మొగలో గోడకు అంటించిన జాబితాకు జిరాక్సు. పైన గుజరాతీ అక్షరాల్లో ఒక వాక్యం, కింద మూడు వందల పన్నెండు పేర్లు, పేరు పక్కన సంతకమో వేలిముద్రో. సూరత్‌లో, గోడాదరాలోని ఆ తెలుగు గల్లీలో పద్దెనిమిది నిండిన ప్రతి మనిషీ అందులో ఉన్నారు. ఎల్లవ్వ ఉంది. గల్లీ ప్రముఖ్‌గా లక్ష్మీరాజం అందరికంటే పైన ఉన్నాడు. లేనిది ఒక్క సుమనే. ముద్రలు పడిన రోజున అతను లాకప్పులో ఉన్నాడు.

సంగతి ఇదీ అని ఒక్క ముక్కలో చెప్పాలంటే, తంటా అంతా ఒక గుణింతం దగ్గర వచ్చింది.

పెద్దసాబ్ పోయి ఏడు నెలలు. యాభై ఏళ్లు దేశాన్ని గుప్పిట్లో పెట్టుకున్న మనిషి నిద్రలోనే పోయాడు. దేశంలో ఆఖరిసారి ఓట్లు పడ్డప్పుడు ఎల్లవ్వ తల్లి చంకలో ఉంది. అందుకే పెద్దసాబ్ పోయాడనగానే జనానికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. తేల్చుకునేలోగా మూడో రోజున కొడుకు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. చిన్నసాబ్ అని జనమే పేరు పెట్టుకున్నారు. ఆయన కళ్లు తుడుచుకుంటూ దీపావళిలోపు ఎన్నికలు అన్నాడు. దీపావళి పోయాక హోలీ అన్నాడు. ఇప్పుడు హోలీ దగ్గరపడుతుంటే, తొందరేం లేదని జనమే అంటున్నారని అంటున్నాడు. జనం ఆ మాట అన్నట్టు గల్లీ గల్లీకీ కాగితాలు పంపించి ముద్రలు వేయించుకున్నాడు.

ఆ కాగితం పేరు ముదత్. సూరత్‌లో ఆ మాట తెలియని వాళ్లుండరు. గడువు పెంచమన్నా ముదత్, కోర్టులో కేసు వాయిదా పడ్డా ముదత్. ‘చూంటణీ ముదత్’ అంటే ఎన్నికలకు గడువు. ఏడేళ్లు ఆగండి మహాప్రభో అని జనం పెట్టుకున్న అర్జీ.

కానీ సిరిసిల్ల నుంచి వచ్చిన చెవికి అది మద్దతులా వినపడింది. షిఫ్టు మారే వేళ మరమగ్గాల షెడ్డులో లక్ష్మీరాజం కాగితం పట్టుకుని నిలబడితే, ఎన్నికలకు మద్దతు అడుగుతున్నారని అందరూ అనుకున్నారు. సర్కారే వచ్చి మీకు ఓట్లు కావాలా అని అడుగుతోందని సంబరపడ్డారు. నవ్వుకుంటూ వరస కట్టారు. గుజరాతీ బడిలో చదువుతున్న పదిహేడేళ్ల కూతురు హారతి ఆ పూట ఇంట్లో ఉంటే చదివి చెప్పేది. బడికి పోయింది. మూడు వారాల తర్వాత గోడ మీద చదివి, పుస్తకాల సంచీతోనే పరుగెత్తుకొచ్చి, “అమ్మా, మీరంతా దేనికి ముద్రలేసిన్రో తెలుసా?” అని అడిగింది.

అప్పటినుంచి ఇంట్లో పొయ్యి వెలుగుతోంది గానీ తిండి సహించడం లేదు.

ఉధ్నా స్టేషను దగ్గరి కచేరీలో అభ్యంతరం చెప్పుకోవడానికి పది రోజులు గడువిచ్చారు. దాన్ని అక్కడ వాంధా అర్జీ అంటారు. ముద్ర వేసిన మనిషే స్వయంగా పోవాలి. నాకు తప్పు చెప్పి వేయించారు అనాలి. ఎవరు చెప్పారో పేరు పెట్టి చెప్పాలి. అలా ఒక్కరు చెప్పినా చాలు, గల్లీ జాబితా మొత్తం పక్కన పెడతారు. పేరు చెప్పకపోతే వందమంది పోయి గోలపెట్టినా ఒక్క ముద్ర చెరగదు. ఈ రోజు పదో రోజు. కౌంటరు ఐదింటికి మూసేస్తారు.

ఈ పది రోజుల్లో సుమన్ ఎక్కని గడప లేదు. అందరూ కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు, చిన్నసాబ్‌ని తిట్టారు, ఉధ్నాకు మాత్రం కదల్లేదు. కదిలితే లక్ష్మీరాజం పేరు చెప్పాలి. ఆ గల్లీలో సగం మందిని సిరిసిల్ల నుంచి పిలిపించి షెడ్డులో నిలబెట్టింది ఆయనే. పిల్లల పెళ్లిళ్లలో ముందు నిలబడ్డది ఆయనే.

మెట్ల మీద దగ్గు వినిపించింది. నర్సింగం వచ్చాడు. షెడ్డులో వైపని ఆయనది. పడుగు చుట్టిన బీము అయిపోతే, అచ్చులో మిగిలిన దాని పోగులకు కొత్త బీము పోగులు ఒక్కొక్కటే ముడివేస్తాడు. ఆ వేళ్లతోనే ముదత్ కాగితం మీద మొట్టమొదటి ముద్ర వేశాడు. గడప దగ్గరే నిలబడి, లోపలికి రమ్మన్నా రాలేదు.

సుమన్ ఆయనవైపు ఆశగా చూశాడు. నర్సింగం తల అడ్డంగా ఊపాడు. తన వల్ల కాదని, నలభై ఏళ్ల దోస్తు పేరు పోలీసు కాగితంలో పెట్టే నోరు తనకు దేవుడు ఇవ్వలేదని చెప్పాడు. అడగాల్సింది తనను కాదని, రాజన్నే పోయి నా నోటితో తప్పు చెప్పిన అంటే అందరి పరువూ దక్కుతుందని అన్నాడు. ఆ తర్వాత లక్ష్మీరాజంవైపు తిరిగాడు.

“కొత్త బీమెక్కిందని మురిసినం రాజన్నా. పాత అచ్చులకెల్లే రావట్టె. బట్టెట్ల మారుతది?”

నర్సింగం కాసేపు నిలబడి, వచ్చినట్టే మెట్లు దిగిపోయాడు.

“ఇన్నవా?” అన్నాడు సుమన్. “ఊరంత నీ ఇజ్జత్ కాపాడుతున్నది. నువ్వు ఊరి ఇజ్జత్ ఏం జేసినవ్? లే, పోదాం. ఆటో తెస్త. తప్పు ఇన్న, తప్పు చెప్పిన అని ఒక్క మాటను. ఆడ నేనుంట గద.”

“నేను రాను.”

“ఎందుకు?”

“రానంటె రాను.”

సుమన్ గొంతు ఇప్పుడు పెరగలేదు, తగ్గింది. ఎల్లవ్వకు భయం వేసింది అప్పుడే. కొడుకు అరిచినంతసేపూ ఆమెకు ధైర్యంగానే ఉంది.

“నేను లాకప్పుల పదకొండు రోజులున్న. ‘చునావ్ కబ్’, ఎలక్షన్లెప్పుడు అని నాలుగు కాయిదాలు అంటించినందుకు. ఆడ ఏం జేసిన్రో మీకు చెప్పలే. ఇంటికొచ్చినంక గల్లీ అంత చునావుకు మద్దతిచ్చిందంటె, మా బాపు ముంగట నిలవడి ఏయించిండంటె, నేను ఎట్ల మురిసిన్నో నీకెరికేనా? డుమస్ పోయిన నాడు నీ భుజం మీద చెయ్యేసి నడిచిన. ఛీ.” అతను చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. “నువ్వు అమ్ముకున్నవ్. ఎంతకో నాకెరుక లేదు, కని అమ్ముకున్నవ్. ఐదు గంటల దాక కచేరి కాడ నిలవడత. గల్లీల మొగోడెవడన్న ఉంటె రమ్మను. ఇగ నిన్ను బాపూ అని పిలువ.”

తలుపు దగ్గరగా వేసే వెళ్లాడు. విసురుగా కొట్టి ఉంటే బాగుండునని ఎల్లవ్వకు అనిపించింది.

హారతి లోపలి గదిలోంచి వచ్చి కాగితం తీసి, మడిచి, ఎవరివైపూ చూడకుండా గ్యాలరీలోకి పోయి కూర్చుంది.

రెండున్నరకు ఎల్లవ్వ అన్నం పెట్టింది. చిక్కుడుకాయ కూర, పచ్చిపులుసు. లక్ష్మీరాజం కలుపుకున్నాడు గానీ ముద్ద నోటి దాకా పోలేదు. ఆయన చెయ్యి కంచంలో ఊరికే తిరుగుతుంటే చూస్తూ కూర్చుంది.

డుమస్ మాట సుమన్ అన్నప్పటినుంచీ ఆమె మనసు అక్కడే తచ్చాడుతోంది. సుమన్ విడుదలై వచ్చిన రెండు రోజులకు, ఆదివారం, నలుగురూ సముద్రం దగ్గరికి పోయారు. పిల్లలకని లక్ష్మీరాజం టమాటా భజియాలు తెచ్చాడు. పొట్లం తన ఒళ్లోనే పెట్టుకుని అందరికీ అందించాడు. తాను ఒక్కటి కూడా తినలేదు. కొడుకు భుజం మీద చెయ్యేస్తే సంతోషంతో నోట మాట రావడం లేదనుకుంది ఆ రోజు.

ఆదివారానికి ముందు శుక్రవారం. ఆ శుక్రవారమే ఆయన ముదత్ కాగితాలు పోలీసు చౌకీలో ఇచ్చి వచ్చాడు.

“గా శుక్రారం నాడు కాయిదాలు ఏ యాళ్లకిచ్చినవ్?” అని అడిగింది ఎల్లవ్వ.

“పొద్దుగాల.”

“పోరడు ఏ యాళ్లకు ఇల్లు చేరిండు?”

కంచంలో చెయ్యి ఆగింది. ఆయన తల ఎత్తలేదు. గ్యాలరీలో ఉన్న హారతికి వినపడకూడదన్నట్టు గొంతు దించి చెప్పాడు.

“దీపాలు పెట్టే యాళ్లకు.”

ఎల్లవ్వ అడగడం అడిగింది గానీ ఈ జవాబు రాకూడదనే ఇంతసేపూ మనసులో మొక్కుకుంది. వచ్చాక ఇక దాచడానికి ఆయన దగ్గర ఏమీ లేకపోయింది.

ఇన్‌స్పెక్టరు రెండుసార్లు పిలిపించాడట. కొట్టలేదు, తిట్టలేదు. కుర్చీ వేసి చాయ్ తెప్పించాడు. సుమన్ ఫైలు తెరిచి పెట్టాడు. అందులో పోస్టర్ల కేసొక్కటే లేదు, చేయనివి ఇంకా నాలుగు ఉన్నాయి. పదేళ్ల క్యాంపు రాసి ఉంది. క్యాంపుకు పోయినవాళ్లు ఎలా తిరిగొస్తారో, అసలు ఎంతమంది తిరిగొస్తారో గల్లీలో అందరికీ తెలుసు. ‘తెలుగు గల్లీ మాట మీద నిలబడే గల్లీ అంటారు. ముదత్ కాగితం నిండిందంటే నీ కొడుకు ఫైలు నేను పక్కన పెడతాను’ అన్నాడట ఇన్‌స్పెక్టరు. ఆ మాట చాలా మర్యాదగా చెప్పాడట.

“అయితే నువ్వు ముదత్ అనే ఇన్నవ్.”

“ఇన్న. సక్కగనే ఇన్న.”

“మరి మాకు మద్దతని చెప్పినవ్.”

“చెప్పలే.” ఆయన మొదటిసారి తల ఎత్తాడు. “నేను ముదత్ అనే అన్న. జర మెల్లగ అన్న. మద్దతా అన్నా అని నర్సింగమే అడిగె. నేను తలూపిన. గంతే జేసిన.”

ఆ ‘గంతే’ వింటుంటే ఎల్లవ్వకు కంచం తీసి గోడకు కొట్టాలనిపించింది. ఇన్ని రోజులూ ఈ మనిషి తనకు తాను చెప్పుకుంటున్న సర్దుబాటు ఇదన్నమాట. నేను అబద్ధం ఆడలేదు, వాళ్లే తప్పు విన్నారు.

“గా తలూపుడు చూసే గద నేను ఇల్లిల్లు తిరిగిన,” అంది. “నువ్వు మెల్లగ అన్నవు. నేను మెల్లగ అనలే. ఎలక్షనుకు మద్దతట, రండి వదినె, రండి బిడ్డా అని ఒర్రుకుంట తిరిగిన. నూట ముప్పై మంది ఆడోళ్లు నా మాట మీద ఏలు పెట్టిన్రు. పొద్దున నల్లా కాడ అనురాధ ఏమన్నదో ఎరికేనా? నువ్వు చెప్తెనే ఏసిన గద వదినె అన్నది. కోపంగ కూడ అనలే.”

“నన్నేం జెయ్యమంటవే మరి? వాడు నా కొడుకు.”

వాడు ఎల్లవ్వకూ కొడుకే. ఆ రోజే తనను అడిగి ఉంటే తానేం చెప్పేదో ఆమెకు బాగా తెలుసు. తల ఊపు అనే చెప్పేది. కోపమంతా దానిమీదే. అడిగి ఉంటే పాపం ఇద్దరూ చెరిసగం మోసేవాళ్లు. అడగకుండా తనను మాత్రం ఊరంతా తిప్పాడు.

గ్యాలరీలో హారతి జడ విప్పుకుని మళ్లీ అల్లుకుంటోంది. వచ్చే ఏడు దానికి పద్దెనిమిది. ముదత్ నిలిస్తే దాని మొదటి ఓటుకు అది ఇద్దరు పిల్లల తల్లి అయి ఉంటుంది. అప్పుడైనా ఇంకో ముదత్ రాదని ఎవరు చెప్పొచ్చారు? పెద్దసాబ్ కూడా మొదట రెండేళ్లకే అన్నాడని తన తండ్రి చెప్పేవాడు.

“ఫైలు చింపిన్రా?” అని అడిగింది.

“పక్కకు పెట్టిన్రు. చింపలే.”

“నీ పేరు బయటికొస్తె?”

“నన్ను లోపలేస్తరు. కాయిదమైతే నింపిచ్చిన, జాబితా ఆగినా నా ఒక్కనితోని పోతే ఫికరు లేదు. ఎందుకు జేసిన్నో బయటికొస్తె వాని ఫైలు మళ్ల తెరుస్తరు.” ఆయన నీళ్ల చెంబు అందుకుని తాగకుండానే పెట్టేశాడు. “వానికి మాత్రం చెప్పకు. అమ్ముకున్నడనే అనుకోనీ. తన కోసమని తెలిస్తె వాడు బతకడు.”

ఎల్లవ్వ లేచి కంచం తీసింది. చేతులు కడుక్కుంది. తల దువ్వుకుని, కట్టుకున్న చీర మీదే కొంగు సర్దుకుంది. ఎక్కడికని ఆయన అడగలేదు. అడక్కుండానే తెలిసింది. తెలిసీ ఆపలేదు. ఆమె చెప్పులు వెతుక్కుంటుంటే లేచి బీరువా తెరిచాడు. బట్టల కిందినుంచి ఆమె గుర్తింపు కార్డు తీసి తుడిచి ఆమె పక్కన గట్టు మీద పెట్టాడు. పెట్టి మళ్లీ తన చోటుకే పోయి కూర్చున్నాడు. ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఆయన మీద అంత కోపమూ అంత జాలీ ఒకేసారి రావడం ఆమెకు అదే మొదలు.

హారతిని తండ్రి దగ్గర కూర్చోమని చెప్పి ఎల్లవ్వ మెట్లు దిగింది.

ఉధ్నాలో ఆటో దిగేసరికి నాలుగు దాటింది. కచేరీ ముందు నాలుగు వరసలు ఉన్నాయి. ఒడియా వాళ్లు, మరాఠీ వాళ్లు, యూపీ వాళ్లు. ఏ గల్లీ వాళ్లకు ఏ మాట ఎలా వినపడిందో ఆ దేవుడికే తెలియాలి. సుమన్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. తల్లిని చూసి ముందు నమ్మలేదు. తర్వాత పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

“నువ్వొస్తవని అనుకోలే అమ్మా,” అన్నాడు. అతని మొహం చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి దొరక్కుండా వచ్చినప్పటిలా వెలిగిపోయింది. ఆ వెలుగు చూడలేక ఎల్లవ్వ వరసవైపు తిరిగింది.

వాళ్ల వంతు వచ్చేసరికి ఐదుకు పద్దెనిమిది నిమిషాలు. కిటికీ అవతల కళ్లద్దాలు పెట్టుకున్న నడివయసు మనిషి కూర్చుని ఉంది. సంగీతాబెన్ అని పక్కన పలక మీద ఉందని సుమన్ చదివి చెప్పాడు. ఆమె కార్డు చూసింది, జాబితాలో ఎల్లవ్వ ముద్ర వెతికి పట్టుకుంది, అర్జీ కాగితం తీసింది. నీకు తప్పు చెప్పినదెవరని హిందీలో అడిగింది.

“మేరా ఘర్‌వాలా,” అంది ఎల్లవ్వ.

ఇంటాయన అంటే కుదరదు, పేరు కావాలంది సంగీతాబెన్.

“సుమన్ కా బాపు.”

పేరు, అంది ఆమె మళ్లీ.

ఆ పేరు ఎల్లవ్వ జన్మలో ఒక్కసారే పలికింది. పెళ్లినాడు గడప దగ్గర ఆడబిడ్డలు అడ్డం నిలబడి, పేరు చెబితేనే లోపలికి రానిస్తామంటే, సిగ్గుతో చచ్చిపోతూ పలికింది. ఆ తర్వాత రేషను దుకాణంలోనూ పిల్లల బడిలోనూ ఆస్పత్రిలోనూ ఎప్పుడు అవసరం పడినా పక్కనున్న ఎవరో ఒకరు చెప్పేవారు. మొగుని పేరెత్తితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని ఆమె అవ్వ చెప్పింది. నమ్మకమో కాదో ఎప్పుడూ ఆలోచించలేదు, పేరు మాత్రం ఎత్తలేదు.

సుమన్ తాను చెబుతానన్నాడు. ముద్ర వేసిన మనిషి నోటితోనే రావాలి, నువ్వు చెబితే చెల్లదంది సంగీతాబెన్. కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటూ, తన తల్లి కూడా ఇంతేనని, కానీ ఈ కాగితానికి అవన్నీ తెలియవని మెల్లగా చెప్పింది. వెనక వరసలో ఎవరో విసుక్కున్నారు.

ఎల్లవ్వ కిటికీ కమ్మీ పట్టుకుంది.

“లక్ష్మీరాజం,” అంది.

మామూలుగానే అంది. ఎవరికీ అది పెద్ద సంగతి కాలేదు. సంగీతాబెన్ రాసుకుంది. ఎల్లవ్వ మాత్రం కమ్మీ వదల్లేదు. సుమన్ ఆమె నడుం చుట్టూ చెయ్యేసి పట్టుకున్నాడు.

ఇంకో ప్రశ్న ఉందట. గుజరాతీలో ఉంటే సుమన్ తెలుగులో చెప్పాడు. పొరపాటున చెప్పాడా, తెలిసే చెప్పాడా? పొరపాటంటే విచారణకు పోతుంది, ఆరు నెలలు పడుతుంది, అందాకా ముద్రలు ముద్రలుగానే ఉంటాయి. తెలిసే అంటే జాబితా ఈ రోజే ఆగిపోతుంది, చెప్పినవాడి మీద కేసు పెడతారు.

“సోంచాయించి చెప్పమ్మా,” అన్నాడు సుమన్. అన్నాడే గానీ అతని వేళ్లు ఆమె నడుం దగ్గర బిగుసుకున్నాయి.

అనురాధ గుర్తొచ్చింది ఎల్లవ్వకు. కోపం లేకుండా అన్న ఆ మాట గుర్తొచ్చింది. ఇంతదాకా వచ్చి ఇక్కడ ఆగితే రేపు నల్లా దగ్గరికి ఏ మొహం పెట్టుకుని పోవాలి?

“ఎరికుండే చెప్పిండు,” అంది.

సుమన్ దాన్ని గుజరాతీలో చెప్పాడు. సంగీతాబెన్ ఒక గళ్లో గీత పెట్టింది, ఎర్ర సిరా ముద్ర తీసి జాబితా మీద కొట్టింది. మూడు వందల పన్నెండు పేర్ల మీద ఎర్రగా ‘రద్దు’ అని ఒక్క మాట పడింది. వెనక వరసలో ఎవరికో అర్థమై ఈల వేశారు. సుమన్ తల్లి భుజం మీద తల ఆనించి ఏడ్చేశాడు. ఇరవై ఆరేళ్లవాడు, పదకొండు రోజుల లాకప్పులో ఏడ్చాడో లేదో గానీ ఇక్కడ అందరి ముందూ ఏడ్చాడు. ఎల్లవ్వ అతని వీపు నిమురుతూ గోడ మీది గడియారం చూసింది. ఐదుకు ఎనిమిది నిమిషాలు.

సంగీతాబెన్ కాగితం తిప్పింది. వెనకవైపు ఒకే ఒక్క గడి ఖాళీగా ఉంది. కలం దాని మీద ఆనించి, సుమన్‌వైపు చూసి ఏదో అడిగింది.

“కారణం రాయాల్నట అమ్మా,” అన్నాడు సుమన్ కళ్లు తుడుచుకుంటూ. “బాపు గట్ల ఎందుకు చెప్పిండని. ఇది రాస్తెనే అర్జీ పూర్తయితదట. లేకుంటె ఎర్రముద్ర కూడ చెల్లదట. రాసినంక ఇదే కాయిదం చౌకీకి పోతదట.”

ఎల్లవ్వ ఆ ఖాళీ గడివైపు చూసింది.

“పైసల కోసమే అని రాయమను,” అన్నాడు. “గంతే గద? ఇంకేముంటది?”

సంగీతాబెన్‌కు తెలుగు రాదు గానీ ‘పైసల’ అన్నది పట్టుకుంది. అదే రాయనా అన్నట్టు ఎల్లవ్వవైపు చూసింది. కొడుకు మొహంలో పొద్దుటి కసి లేదు. ఏడ్చి తేలికపడ్డ మొహం అది. ఇంకా తడిగా ఉన్న కళ్లతో, ఔనను అన్నట్టు ఆమెవైపే చూస్తున్నాడు. ఔనంటే వాడు బతుకుతాడు, తండ్రిని బతికినన్నాళ్లూ అసహ్యించుకుంటూ. కాదంటే ఏమవుతుందో తలుచుకోవడానికే ఆమెకు ధైర్యం చాల్లేదు.

“నువ్వు జర అవుతలికి పో బిడ్డా,” అంది.

“ఎందుకు?”

“పో. నేను చెప్పుకుంట.”

“ఎందుకమ్మా?” అన్నాడు సుమన్. ఆమె నడుం చుట్టూ ఉన్న చెయ్యి మెల్లగా వదులైంది. తల్లి మొహంలోకి చూశాడు. కచేరీ కిటికీవైపు చూశాడు. మళ్లీ తల్లి మొహంలోకి చూశాడు. అతని పెదాలు ఏదో లెక్కపెడుతున్నట్టు కదిలాయి. “నేను ఇంటికొచ్చింది కాయిదాలిచ్చిన శుక్రారం నాడే గద?”

ఎల్లవ్వ ఇంకోసారి పొమ్మంది.

సుమన్ పోలేదు.